తనంతట తానే లేచే సర్వర్

పొద్దున్నే రైలెక్కి వచ్చి, కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్క వరుస టైపు చేసి, చాయ్ తాగి మళ్ళీ రైలెక్కి ఇంటికి పోయే ఉద్యోగం లోకంలో ఎక్కడైనా ఉంటుందా అంటే, ఉంది. అది నాదే. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. రిటైరయ్యాక నాకు మిగిలిన పని అదొక్కటే. మహబూబాబాద్‌లో నన్ను పేరు పెట్టి పిలిచే చోటు కూడా అదొక్కటే.

నా పేరు జగపతి. డోర్నకల్‌లో స్టేషన్ వెనక ఒంటిగది ఇల్లు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే ఒకప్పుడు ఒంటికాలి మీద లేచేవాణ్ణి. ఇప్పుడు అడిగేవాళ్ళు కూడా లేరు, ఆ కోపమంతా వాడకుండా పడి ఉంది. ఇంట్లో నాతో పలికేది కుక్కర్ ఒక్కటే. అదీ రెండు కూతలు కూసి మూతి ముడుచుకుంటుంది.

ఉద్యోగం దయాకర్ సేటు స్కానింగ్ సెంటర్లో. అసలుది మహబూబాబాద్‌లో ఉంది, తరువాత జనగామలో ఒకటి, భూపాలపల్లిలో ఒకటి పెట్టాడు. స్కాన్ ఎక్కడ తీసినా దాన్ని చూసి రిపోర్టు రాసే డాక్టరు గారు మాత్రం జనగామలోనే కూర్చుంటారు. ఇక్కడ తీసిన బొమ్మ ఆయన కంటికి చేరాలంటే మధ్యలో రెండు యంత్రాలు కలవాలి. కింద అద్దాల గదిలో సర్వర్ ఉంటుంది. పైఅంతస్తులో బొమ్మలన్నీ దాచే స్టోరేజీ డబ్బా ఉంటుంది. ఆ డబ్బాలో ఉన్న జాగాను సర్వర్ తన సొంత ఫోల్డరులా కలుపుకోవాలి. దాన్నే మేము మౌంట్ చేయడం అంటాం. కలిస్తే జనగామ డాక్టరుకు బొమ్మ కనబడుతుంది, కలవకపోతే కనబడదు. అంతే సంగతి.

మామూలుగా అయితే సర్వర్ ఏళ్ళ తరబడి ఆరిపోకుండా నడుస్తుంది, ఒకసారి కలిపితే కలిసే ఉంటుంది. కానీ మా సేటుది మిర్చి వ్యాపారం చేసిన కుటుంబం. సాయంత్రం షట్టర్ దించేముందు కరెంటు మెయిన్ దించడం వాళ్ళకు తాతల నాటి అలవాటు. గోదాము అయినా అంతే, స్కానింగ్ సెంటర్ అయినా అంతే. సర్వర్‌ను అలా ఆర్పకూడదు సేటూ అని చెప్పీ చెప్పీ నా నోరు నొచ్చింది. షార్ట్ సర్క్యూటై అంటుకుంటే నీ సర్వర్ వచ్చి ఆర్పుతుందా అని ఒక్క మాటతో కొట్టేశాడు.

పొద్దున మెయిన్ ఎత్తగానే మొదట సర్వర్‌కే అగరుబత్తి. లక్ష్మి అట అది. బొట్టు పెట్టి, దండం పెట్టి, దాన్ని ముందు ఆన్ చేస్తాడు. ఆ తరువాత మెల్లగా మెట్లెక్కి, పైన దేవుడి పటానికి కూడా పొగ చూపించి, అప్పుడు డబ్బా మీట నొక్కుతాడు. ఆ డబ్బా కొత్తల్లుడిలా నింపాదిగా లేస్తుంది. ఈలోగా కింద సర్వర్ లేచి, డబ్బా కోసం చూసి, దొరక్క, ఖాళీ ఫోల్డరు పట్టుకుని కూర్చుంటుంది. అప్పుడు ఎవరో ఒకరు వచ్చి చేత్తో ఆ వరుస కొట్టి రెంటినీ కలపాలి. ఆ ఎవరో ఒకరు నేనే. నాకు అరవై దాటి ఉద్యోగం అయిపోయాక కూడా, పొద్దుటి పూట వచ్చి కలిపిపో అన్నా అని సేటు నన్ను ఉంచుకున్నది ఇందుకే.

సర్వర్ లేచేటప్పుడు చదువుకునే చిన్న ఫైలు ఒకటుంటుంది. అందులో ఒక్క వరుస రాసి పెడితే చాలు, రోజూ అదే కలుపుకుంటుంది. ఇది నాకు తెలియక కాదు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, నేనెందుకు పెడతాను?

అలా నడుస్తుండగా హిమజ వచ్చింది. భూపాలపల్లి పిల్ల, వాళ్ళ నాన్న బొగ్గు బావిలో పని చేస్తాడు. ఇంజనీరింగ్ చదివింది. మూడు సెంటర్ల కంప్యూటర్లకూ ఇన్‌ఛార్జిగా సేటు తెచ్చి పెట్టాడు. ఇక్కడే లేడీస్ హాస్టల్లో ఉంటుంది. మొదటి రోజే నా పక్కన నిలబడి, నేను కొట్టేది చూసి, సార్ గిది రోజూ చేత్తోనే కొడ్తరా అని అడిగింది. అడిగిన తీరులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది, నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి. అప్పుడే అటుగా వచ్చిన సేటు ఆ మాట విన్నాడు. చేత్తో కాకుండా ఇంకెట్ల అవుతది అన్నాడు. ఆ పిల్ల పాపం ఉన్నదున్నట్టు చెప్పింది. మరి గట్లనే పెట్టున్రి అని సేటు పైకి పోయాడు.

రాయడం మాత్రం నాకే వదిలింది. ఇన్నేళ్ళు మీరు చూసుకున్న సర్వర్, మీరే రాయండి సార్ అని కుర్చీ నా వైపు తిప్పింది.

ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నా బుద్ధి ఎన్ని వంకరలు పోయిందో దేవుడికే తెలియాలి. ఆ వరుసలో ఒకట్రెండు మాటలు వదిలేస్తే చాలు. నెట్‌వర్క్ లేచేదాకా ఆగు అని చెప్పే మాట ఒకటి. డబ్బా ఇంకా లేవకపోతే అలిగి కూర్చోకుండా, నీ పని నువ్వు చేసుకుంటూ వెనక నుంచి తలుపు తడుతూనే ఉండు అని చెప్పే మాట ఇంకొకటి. ఆ రెండూ లేకపోతే సర్వర్ తొందరపడి లేస్తుంది, డబ్బా దొరకదు, రేపు పొద్దున మళ్ళీ జగపతి కావాలి. ఎవరికీ అనుమానం రాదు. రేపు రైలెక్కే కారణం నా వేళ్ళ కింద ఉంది.

కానీ ముప్పై ఏళ్ళు ఈ పని చేసి, చివరికి తప్పు వరుస రాసిపెట్టి పోయాడని ఆ యంత్రమైనా అనుకోకూడదు కదా. ఒళ్ళు మండింది, ఎవరి మీదో కూడా తెలియదు. రెండు మాటలూ పెట్టి రాశాను. సేటు మెయిన్ దించి ఎత్తాడు. సర్వర్ లేచింది, డబ్బా లేచింది, చెయ్యి తగలకుండానే రెండూ కలిశాయి. సేటు పాలకోవా తెప్పించి నా నోట్లో పెట్టాడు.

"జగపతన్నా, ఇగ నీకు రోజూ రైలు తిప్పలు తప్పినయ్. ఇంటికాడ హాయిగ ఉండు" అన్నాడు.

మంచి మనసుతోనే అన్నాడు. అదే మింగుడు పడలేదు.

మర్నాడు పొద్దున లేచి స్నానం చేసి, చొక్కా వేసుకున్నాక గుర్తొచ్చింది, పోయేచోటు లేదని. అయినా స్టేషన్‌కు పోయాను. ప్యాసింజర్ వచ్చింది, ఎక్కాను. మహబూబాబాద్‌లో దిగాను. ప్లాట్‌ఫాం మీద బెంచీ ఉంది, దాని మీద కూర్చున్నాను. ఈపాటికి సేటు బొట్టు పెడుతుంటాడు, ఇప్పుడు పైకి ఎక్కుతుంటాడు, ఇదిగో ఇప్పుడు కలిసింది అని నాలో నేనే అనుకున్నాను. తరువాత డోర్నకల్ వైపు పోయే బండి వస్తే ఎక్కి వచ్చేశాను. ఆ మర్నాడూ అంతే. చెప్పుకుంటే సిగ్గు. చెప్పుకోవడానికి మనిషి లేడు కాబట్టి సిగ్గుపడే అవసరం కూడా రాలేదు. ఏడుపొచ్చిందంటే వచ్చింది, బెంచీ మీద కూర్చున్న మనిషిని రైల్వే స్టేషన్లో ఎవరు చూస్తారు?

ఇలా కొన్నాళ్ళు గడిచాక ఒక పొద్దున ఫోన్ మోగింది. హిమజ. షేర్, అంటే ఆ డబ్బా జాగా, కలవడం లేదు, ఒకసారి రాగలరా అని అడిగింది. నేను అప్పటికే స్టేషన్లో ఉన్నానని చెబుతానా? బండి చూసుకుని వస్తానని చెప్పి, కాసేపు ఆగి, చెమటలు తుడుచుకుంటూ పోయాను.

రెండు విధాలుగా చచ్చాను ఆ రోజు. పిలిచారన్న సంతోషం ఒకపక్క. నేను రాసిన వరుస విఫలమైందా అన్న మంట ఒకపక్క. చేత్తో కొడితే వెంటనే కలిసింది. మరి తనంతట తాను ఎందుకు కలవలేదు? సర్వర్ రాసుకునే చిట్టా తీసి చూద్దామంటే ఆ పిల్ల చూడనిస్తేనా? చాయ్ తెప్పించి పక్కన కుర్చీ వేసుకుని మాటల్లో పెట్టింది. మీరు ఈ పనిలోకి ఎలా వచ్చారు, అప్పట్లో యంత్రాలు ఎంత ఉండేవి, ఫ్లాపీలు చూశారా అని ఒకటే ప్రశ్నలు. నన్ను ఎవరైనా ఏదైనా అడిగి ఎన్నేళ్ళయిందో. వాగుతూ కూర్చున్నాను. వాళ్ళ నాన్న రాత్రి షిఫ్టు దిగి వచ్చి, మాట్లాడకుండా అన్నం తిని పడుకునే మనిషని తనూ చెప్పింది. ఇంటికి వచ్చాక గాని చిట్టా సంగతి గుర్తు రాలేదు.

తరువాత వారం మళ్ళీ పిలిచింది. ఆ పై వారం కూడా. పోయిన ప్రతిసారీ షేర్ ఊడిపోయి ఉండేది, నేను కలిపేవాణ్ణి, చాయ్ వచ్చేది. వరుస ఎక్కడ తప్పు రాశానో అని ఇంట్లో కాగితం మీద రాసుకుని చూశాను. తప్పు లేదు. లేకపోయినా పిలుపు వస్తోంది కదా అని, నిజం చెప్పొద్దూ, గట్టిగా వెతకలేదు.

ఆ తరువాత ఒక పొద్దున మళ్ళీ పిలిస్తే పోయేసరికి సెంటర్లో అందరికంటే ముందే ఒక మనిషి బెంచీ మీద ముడుచుకుని పడి ఉంది. పేరు కమ్లీ. గూడూరు దగ్గర తండా నుంచి తెల్లవారుజామునే బయలుదేరి వచ్చారట. కడుపు నొప్పి. భర్త జాల్యా ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు రుద్దుతున్నాడు. స్కాన్ తీసే కుర్రాడు ఆమె పరిస్థితి చూసి, డబ్బు కట్టేదాకా కూడా ఆగకుండా, బొమ్మ తేటగా పడే మందు నరానికి ఎక్కించి అప్పటికే స్కాన్ తీసేశాడు. నేను మామూలుగా లోపలికి పోయి, షేర్ కలిపి, చాయ్ గ్లాసు అందుకున్నాను.

అప్పుడు జనగామ నుంచి డాక్టరు గారి ఫోన్. కమ్లీ పేరు మీద బొమ్మలే లేవు, ఏం పంపారయ్యా అని. కుర్రాడు పంపానని ఒట్టు పెట్టాడు. మా స్కాన్ యంత్రం పాతది, పంపిన బొమ్మను తన దగ్గర ఉంచుకోదు. డబ్బా మొత్తం వెతికాను. ఎక్కడా లేదు. మళ్ళీ తీద్దామంటే, ఎక్కించిన మందును వెంటనే మళ్ళీ ఎక్కించకూడదు, కిడ్నీలు దెబ్బతింటాయి అన్నారు డాక్టరు గారు.

జాల్యా అద్దం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "సారూ, నొప్పికి ఆగుతలేదు. వరంగల్ తీస్కపోవాల్నా, ఇంటికి తీస్కపోవాల్నా, గదొక్కటి చెప్పున్రి" అన్నాడు.

హిమజ వైపు చూశాను. ఆ పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"సార్, మీ లైన్ల తప్పేం లేదు. పొద్దుగాల అది మంచిగనే కలిసింది. నేనే ఊడగొట్టిన. అన్నిసార్లు నేనే ఊడగొట్టిన" అంది.

తిట్టడానికి టైము లేదు. ఆమె చెప్పగానే బొమ్మ ఎక్కడుందో నాకు తెలిసిపోయింది. ఈమె షేర్ ఊడగొట్టిన తరువాత, నేను వచ్చి కలపకముందు ఆ కుర్రాడు స్కాన్ పంపాడు. డబ్బా లేదు కాబట్టి సర్వర్ దాన్ని తన ఖాళీ ఫోల్డర్లోనే రాసుకుంది. ఆ పైన నేను వచ్చి డబ్బాను దాని మీద కలిపాను. నేల మీద పడిన ఉంగరం మీద చాప పరిచినట్టే. ఉంగరం పోదు, కానీ చాప ఎత్తేదాకా ఎంత వెతికినా కనబడదు.

డాక్టరు గారికి, మిగతా వాళ్ళకు కాసేపు ఏదీ ముట్టుకోవద్దని చెప్పి షేర్ ఊడదీశాను. కింద కమ్లీ పేరు కనబడింది. బొమ్మలన్నీ ఉన్నాయి. పక్కకు తీసి పెట్టి, మళ్ళీ డబ్బాను కలిపి, వాటిని అందులో వేశాను. రెండుసార్లు తప్పు టైపు చేశాను. జనగామ నుంచి డాక్టరు గారు చూసిన వెంటనే ఫోన్ చేశారు. పేగు మెలిపడింది, ఆలస్యం చేయకుండా వరంగల్ తీసుకుపోండి అన్నారు. మా సెంటర్లో ఊడ్చే చిలుకమ్మ బయటికి ఉరికి బండి మాట్లాడి తెచ్చింది. కమ్లీని పట్టుకుని ఎక్కించారు. ఆపరేషన్ అయిందని, మనిషి దక్కిందని సాయంత్రం జాల్యా ఫోన్ చేశాడు. అది తరువాతి మాట.

బండి పోయాక నాకు కోపం వచ్చింది. దాచుకున్నదంతా వచ్చింది.

"నా మీద జాలిపడి ఒక మనిషి పానం మీదికి తెస్తవా బిడ్డా? నేనేమన్న అడుక్కున్ననా నిన్ను?" అన్నాను.

ఆ పిల్ల తలెత్తలేదు. మెల్లగా చెప్పింది. చిలుకమ్మ పెనిమిటి ఉప్పలయ్య స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాడట. మీ సెంటరు సారు రోజూ బండి దిగి బెంచీ మీద కూర్చుని మళ్ళీ బండెక్కి పోతున్నాడని ఇంట్లో చెప్పాడట. చిలుకమ్మ ఈమెకు చెప్పింది. అంటే మహబూబాబాద్‌లో నన్ను చూసేవాళ్ళు లేరనుకున్నది నేనొక్కణ్ణే. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"జాలి కాదు సార్. పొద్దందాక గీ అద్దాల రూముల నేను గూడ ఒక్కదాన్నే. హాస్టల్ల ఎవ్వరి ఫోన్లు వాళ్ళయి. మీరొచ్చిన్నాడు నాలుగు మాటలు మాట్లాడ్తం. ఊకె రమ్మంటె రారని అట్ల చేసిన. స్కాన్ అప్పటికే పోతదని అనుకోలే" అంది.

కోపం ఎటు పోయిందో పోయింది. అది పోతే మనిషికి నిలబడటానికి ఏమీ మిగలదని అప్పుడు తెలిసింది. పనిలో పడ్డాను. మళ్ళీ ఒకసారి షేర్ ఊడదీసి, కింది ఖాళీ ఫోల్డరులో ఎవరూ ఏదీ రాయకుండా కట్టేశాను. ఇకముందు డబ్బా కలవకపోతే సర్వర్ బొమ్మ తీసుకోదు, పంపిన యంత్రం దగ్గరే ఎర్ర అక్షరాలతో అరుస్తుంది, అందరికీ తెలుస్తుంది. ఏ బొమ్మా కిందపడి కనబడకుండా పోదు. ఎందుకలా చేస్తున్నానో ఆమెకు ఒక్కొక్కటే చెప్పాను. బుద్ధిగా విన్నది. అది చేసేశాక ఆ సర్వర్‌కు జగపతి అవసరం పూర్తిగా తీరిపోయింది. నా చేత్తోనే తీర్చాను.

లేచి చెప్పులు తొడుక్కున్నాను. ఇంకెప్పుడూ ఇలా చేయొద్దని, నన్ను పిలవొద్దని చెప్పాను.

"పని లేకుంటె రావద్దా సార్?" అని అడిగింది.

వినబడనట్టే బయటికి వచ్చేశాను. నా జన్మలో పని లేకుండా ఎవరి గడపా తొక్కలేదు. అక్కల ఇళ్ళకు కూడా శుభలేఖ వస్తే పోయాను, పెళ్ళి పనులు చేశాను, భోజనాలయ్యాక బండెక్కాను. ఉత్త చేతులతో, ఉత్త మనిషిగా పోయి కూర్చుంటే ఎవరైనా ఎందుకొచ్చావని అడుగుతారేమో అని భయం. ఆ భయానికి నేను పని అని పేరు పెట్టుకున్నాను.

తరువాత నాలుగైదు రోజులు స్టేషన్‌కు కూడా పోలేదు. ఉప్పలయ్య చూస్తాడని సిగ్గు. గదిలో కూర్చుని కుక్కర్ కూతలు విన్నాను. ఫోన్ మోగలేదు. పిలవొద్దన్నాను కదా, ఆ పిల్ల మాట నిలబెట్టుకుంది. పిలవొద్దంటే పిలవకుండా ఉండటమేనా అని ఆమె మీద కూడా ఒక పూట కోపం తెచ్చుకున్నాను. ఆ పూట అన్నం కూడా సయించలేదు.

ఒక పొద్దున చొక్కా వేసుకున్నాను. ప్యాసింజర్ ఎక్కాను. మహబూబాబాద్‌లో దిగి, బెంచీ వైపు చూడకుండా నడిచి సెంటర్‌కు పోయాను. సేటు పూజ అయిపోయింది, అగరుబత్తి వాసన ఇంకా ఉంది. అద్దాల గదిలో సర్వర్ నడుస్తోంది. తెర మీద చూస్తే డబ్బా కలిసే ఉంది. కుర్చీ ఖాళీగా ఉంది.

చిలుకమ్మ తడిగుడ్డతో నేల తుడుస్తోంది. నన్ను చూసి నడుం ఎత్తింది.

"ఏంది సారూ, మల్ల పోయిందా గది? మేడం లేదు గదా. భూపాలపల్లి సెంటర్ల ఏదో పనున్నదని పోయింది, ఎల్లుండి గాని రాదు. నీకేం పనుండె?"

నోటి చివర అబద్ధాలు వరుసకట్టి నిలబడ్డాయి. చిట్టా చూడాలి అనొచ్చు. సేటు రమ్మన్నాడనొచ్చు. కళ్ళజోడు మరిచిపోయాననొచ్చు. ఏది చెప్పినా నమ్ముతుంది, మర్యాదగా తిరిగిపోవచ్చు. కాళ్ళు వెనక్కే లాగుతున్నాయి.

"ఏం పని లేదు చిలుకమ్మా" అన్నాను. చెప్పులు విడిచి పక్కన పెట్టాను. "ఊకెనే వచ్చిన."

చిలుకమ్మ నా ముఖం వైపు చూసింది. గుడ్డ బకెట్లో ముంచి పిండుకుంది.

"అయితె బెంచి మీద కాళ్ళు మీదికి పెట్టుకొని కూసో. నేల ఆరినంక చాయ్ చెప్త" అంది.

స్కాన్‌కు వచ్చినవాళ్ళు కొంచెం జరిగి చోటిచ్చారు. నేను వాళ్ళ మధ్య కాళ్ళు మడుచుకుని కూర్చున్నాను.